టాప్‌లో ఏమీ కనపడట్లేదు, సీపీయూ మాత్రం 97 శాతం

పలాస_పప్పు | సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. జీడిపప్పు టోకు ఆర్డర్ల సైట్ ఇది. నిర్వహణ శ్రీకాకుళం నుంచి, సర్వర్ ముంబై డేటా సెంటర్‌లో. అద్దె వీపీఎస్ (పెద్ద కంప్యూటర్‌లో ఒక వాటాగా ఇచ్చే సర్వర్), కేవీఎం రకం, 2 కోర్లు, 4 జీబీ ర్యామ్. ఉబుంటు 22.04, వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్, సైట్ కోడ్ నడిపేది పీహెచ్‌పీ 8.1 ఎఫ్‌పీఎం, డేటాబేస్ మరియాడీబీ 10.6.

శనివారం రాత్రి నుంచి ప్యానెల్ గ్రాఫ్ పైకి అంటుకుపోయి ఉంది. ఆర్డర్లు ఒక్కటీ రాని అర్ధరాత్రి కూడా దిగట్లేదు. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 రకాల పప్పు ధరల పేజీ తెరుచుకోవడానికి పది సెకన్ల పైనే పడుతోంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌లు చూపే టాప్ కమాండ్ పెడితే పై వరుసలో యూజర్ (ప్రోగ్రామ్‌లు వాడిన సీపీయూ) 97 అంటోంది. కింద జాబితాలో అన్నిటికంటే పెద్దది మరియాడీబీ, అది 3 శాతం. మిగతావన్నీ 1 లోపే. అన్నీ కలిపినా పది రాదు. మరి తింటున్నదెవరు? హోస్టింగ్ సపోర్ట్ వాళ్లు రీబూట్ చేయమంటున్నారు. చేసేయనా?


నాగావళి_గట్టు | ఉదయం 9:58

రీబూట్ చేయకండి. /డెవ్/షమ్ ర్యామ్‌లో ఉండే ఫోల్డర్, రీబూట్ అయితే అందులోవన్నీ పోతాయి. డిస్క్ మీంచి చెరిపేసి మెమరీలోంచే నడుస్తున్న ప్రోగ్రామ్ ఉంటే అదీ పోతుంది. గంటసేపు గ్రాఫ్ బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదలు. చేతిలో ఆధారం మాత్రం ఉండదు.

ఇంకో విషయం. ఆ రెండు అంకెల కొలమానం ఒకటి కాదు. టాప్ పై వరుసలో నూరు అంటే కోర్లన్నీ కలిపి నూరు. కింది జాబితాలో ఒక్కో కోర్‌కి ఒక నూరు. మీకు రెండు కోర్లు కాబట్టి పైన 97 ఉంటే కింద మొత్తం 194 దాకా రావాలి. మీకు పది రావడం లేదంటే తేడా మీరు అనుకున్నదానికి రెట్టింపు.

ఇవి పెట్టండి:
రూట్‌గానే (అన్ని అధికారాలున్న యూజర్) చూశారా? మామూలు యూజర్‌గా చూస్తే, ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల) సమాచారం ఉండే /ప్రాక్‌ని హైడ్‌పిడ్ ఆప్షన్‌తో మౌంట్ చేసి ఉంటే, ఇతరుల ప్రాసెస్‌లు అసలు కనపడవు.
టాప్‌లో 1 నొక్కితే కోర్ల వారీగా వస్తుంది. ఆ వరుసలు మొత్తం, చివరి ఎస్‌టీ దాకా.
వీఎంస్టాట్ 1 10, సెకనుకోసారి పదిసార్లు సీపీయూ, మెమరీ లెక్కలు. మొదటి వరుస వదిలేయండి, అది సర్వర్ బూట్ అయినప్పటి నుంచి సగటు.
ఫ్రీ మైనస్ ఎం, మెమరీ లెక్క ఎంబీల్లో.


రాజాం_రూట్ | ఉదయం 10:05

ఏటి గురూ, ఇది బాట్‌ల (సైట్‌ని పదేపదే తట్టే ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌ల) గోలే అయ్యుంటాది. సైట్‌కి ఎవరొచ్చారో రాసుకునే యాక్సెస్ లాగ్‌లో మొదటి కాలమ్ (ఐపీ అడ్రస్) తీసి సార్ట్, యునిక్ మైనస్ సీ కొట్టండి, ఎవడు వేలల్లో కొడుతున్నాడో తెలిసిపోద్ది. వర్డ్‌ప్రెస్ అయితే ఎక్స్‌ఎంఎల్‌ఆర్‌పీసీ ఫైల్, లాగిన్ పేజీ ముందు చూసీండి.


నాగావళి_గట్టు | ఉదయం 10:11

రాజాం తమ్ముడూ, బాట్‌లయితే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం పిల్ల ప్రాసెస్‌లు జాబితాలో ఒక్కోటి 30, 40 అంటూ పైకొచ్చేవి. ఇక్కడ జాబితాయే ఖాళీ. పైగా బాట్‌ల గ్రాఫ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండు రోజులు గీత గీసినట్టు నిలబడదు.


పలాస_పప్పు | ఉదయం 10:30

రూట్‌గానే చూశాను. హైడ్‌పిడ్ లేదు.

కోర్ 0: యూజర్ 96.7, సిస్టమ్ 3.0, ఐడిల్ 0, వెయిట్ 0, ఎస్‌ఐ 0.3, ఎస్‌టీ 0. కోర్ 1 కూడా అటూ ఇటుగా అంతే, ఎస్‌టీ 0.3.
వీఎంస్టాట్: ఆర్ కాలమ్ (నడుస్తున్న, వంతుకు చూస్తున్న పనులు) 2 లేదా 3, బీ (ఆగిపోయినవి) 0, సీఎస్ (కోర్ ఒక పని నుంచి ఇంకో పనికి మారడం) 700 నుంచి 900. ఇక్కడి ఎస్‌ఐ, ఎస్‌ఓ (స్వాప్ రాకపోకలు) అప్పుడప్పుడు 100, 200.
ఫ్రీ: వాడినది 3,400 ఎంబీ, స్వాప్‌లో (ర్యామ్ చాలక డిస్క్ మీదికి మళ్లింది) 900.
లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వంతుకు చూస్తున్న పనుల సగటు) 2.5, 2.5, 2.4.

యాక్సెస్ లాగ్ కూడా చూశాను, మామూలుగానే ఉంది.


బొబ్బిలి_వీణ | ఉదయం 10:42

మధ్యలో దూరుతున్నాను. నా దగ్గర అమెజాన్ టీ2 మైక్రో సర్వర్ ఒకటి ఉంది, దాంట్లో ఎస్‌టీ 80 దాటి చూపిస్తోంది. ప్రాసెస్‌లు ఏవీ పెద్దగా లేవు. ఇదీ అలాంటిదేనా?


కోట_జంక్షన్ | ఉదయం 10:55

వీణ గారూ, మీది వేరే జబ్బు. ఎస్‌టీ అంటే మీ సర్వర్ పని చేయడానికి సిద్ధంగా ఉన్నా కింది హైపర్‌వైజర్ (ఒకే కంప్యూటర్‌ని సర్వర్లకు పంచే సాఫ్ట్‌వేర్) కోర్ ఇవ్వని సమయం. టీ2 మైక్రోకి నికరంగా దక్కేది కోర్‌లో 10 శాతమే. గంటకు 6 క్రెడిట్లు జమ అవుతాయి, గరిష్ఠంగా 144 కూడబెట్టుకోవచ్చు. ఒక క్రెడిట్ అంటే ఒక కోర్‌ని ఒక నిమిషం పూర్తిగా వాడుకోవడం. క్రెడిట్లు అయిపోతే మళ్లీ ఆ 10 శాతానికి కుదించేస్తారు, ఆ కోత లోపల ఎస్‌టీగా కనపడుతుంది. అమెజాన్ గ్రాఫ్‌లు చూపే క్లౌడ్‌వాచ్‌లో సీపీయూ క్రెడిట్ బ్యాలెన్స్ సున్నా దగ్గర పాకుతుంటే అదే కారణం. పని తగ్గించాలి, లేదా పెద్ద సైజుకు మారాలి. టీ3కి మారితే మామూలుగా అన్‌లిమిటెడ్ పద్ధతిలోనే మొదలవుతుంది. అక్కడ కోత ఉండదు, బిల్లు ఉంటుంది.

క్రెడిట్ల పద్ధతి లేని మామూలు వీపీఎస్‌లో ఎస్‌టీ గంటల తరబడి 10 దాటి ఉంటే పక్క సర్వర్ల రద్దీ అన్నమాట. లోపల ఏం చేసినా తగ్గదు. సార్ అనే కమాండ్ దాచిపెట్టే సీపీయూ లెక్కలు జతచేసి హోస్టింగ్ వాళ్లకు టికెట్ వేసి, వేరే హోస్ట్ మీదికి మార్చమని అడగడమే.

పలాస గారికి ఎస్‌టీ సున్నా, కాబట్టి నేరం ఇంటి లోపలే. వెయిట్ సున్నా, డిస్క్ కాదు. టాప్ చూపే ఎస్‌ఐ దాదాపు సున్నా, ప్యాకెట్ల వరద కాదు. సిస్టమ్, అంటే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) వాడకం, 3 మాత్రమే. అది 30, 40 ఉంటే క్లాక్‌సోర్స్, అంటే సర్వర్ టైమ్ చదివే గడియారం, చూడమనేవాణ్ని. కేవీఎంలో కేవీఎం-క్లాక్ ఉండాల్సిన చోట హెచ్‌పెట్‌కో ఏసీపీఐ_పీఎంకో జారిపోతే, టైమ్ ఎంత అని అడిగిన ప్రతిసారీ కెర్నెల్‌లోకి వెళ్లాల్సి వస్తుంది, సిస్టమ్ శాతం అలా పెరుగుతుంది. ఇది అదీ కాదు. శుద్ధమైన లెక్కల పని.


నాగావళి_గట్టు | ఉదయం 11:10

అవును. సీఎస్ చూడండి, సెకనుకు వెయ్యి కూడా లేదు. వెబ్ పని అయితే నెట్‌వర్క్ కోసం, డేటాబేస్ కోసం ఆగుతూ లేస్తూ ఉంటుంది, ఆ అంకె వేలల్లో పోతుంది. రెండు కోర్లు, రెండు పైచిలుకు లోడ్, తక్కువ సీఎస్: రెండు థ్రెడ్లు దేనికోసమూ ఆగకుండా లెక్క చేస్తూనే ఉన్నాయి.

టాప్‌లో కనపడకపోవడానికి రెండే దారులు. ఒకటి, పుట్టి క్షణంలో పోయే ప్రాసెస్‌లు. టాప్ 3 సెకన్లకోసారి చూస్తుంది, ఆ మధ్యలో పుట్టి పోయినవి దానికి చిక్కవు. రెండు, ఎవరో కావాలని దాచడం.

మొదటిది తేల్చడానికి పైసా ఖర్చు లేదు. /ప్రాక్/స్టాట్‌లో ప్రాసెసెస్ అనే వరుస ఉంటుంది, బూట్ అయినప్పటి నుంచి పుట్టిన ప్రాసెస్‌ల లెక్క. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చదివి తీసివేయండి. వందల్లో వస్తే బీసీసీ టూల్స్‌లోని ఎగ్జెక్‌స్నూప్ పెట్టాలి, పుట్టిన ప్రతిదాన్నీ పేరుతో సహా చూపిస్తుంది. పదో ఇరవయ్యో అయితే రెండో దారే.

మెమరీ లెక్క కూడా కుదరట్లేదు. మరియాడీబీ, పీహెచ్‌పీ కలిపి ఎంత?


పలాస_పప్పు | ఉదయం 11:24

పది సెకన్లకు తేడా 14. మరియాడీబీ 420 ఎంబీ, పీహెచ్‌పీ అంతా కలిపి 350. ఇంకో రెండున్నర జీబీ ఎక్కడికి పోయిందో తెలియట్లేదు.


నాగావళి_గట్టు | ఉదయం 11:33

/ప్రాక్/మెమ్‌ఇన్ఫోలో హ్యూజ్‌పేజెస్_టోటల్ (ముందే పక్కన పెట్టిన పెద్ద మెమరీ ముక్కల సంఖ్య) ఎంత ఉంది? ఈటీసీ కింద ఎల్‌డీ.ఎస్‌ఓ.ప్రీలోడ్ అనే ఫైల్ ఉందా? ఉబుంటులో మామూలుగా అది ఉండదు.


పలాస_పప్పు | ఉదయం 11:37

హ్యూజ్‌పేజెస్_టోటల్ 1280. ప్రీలోడ్ ఫైల్ లేదు అంటోంది.


కోట_జంక్షన్ | ఉదయం 11:49

1280 పేజీలు, ఒక్కోటి 2 ఎంబీ. 2,560 ఎంబీ. మీ తప్పిపోయిన రెండున్నర జీబీ అదే. మరియాడీబీ తనకు లార్జ్‌పేజెస్ ఆప్షన్ ఇస్తే తప్ప వాటి జోలికి పోదు. వాటిని కోరుకునేది మొనెరో అనే క్రిప్టో నాణేన్ని తవ్వే (లెక్కలు చేసి సంపాదించే) ప్రోగ్రామ్. 2019 నవంబర్ నుంచి మొనెరో ర్యాండమ్‌ఎక్స్ పద్ధతిలో నడుస్తోంది. అది మామూలు సీపీయూకి అనుకూలంగా చేసిన పద్ధతి, పూర్తి వేగానికి 2,080 ఎంబీ డేటాసెట్ మెమరీలో ఉండాలి. అద్దె సర్వర్ల మీద తవ్వకందార్లు పడేది అందుకే, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మెమరీ వాళ్లు పట్టేయడంతో మీ డేటాబేస్ స్వాప్‌లోకి నెట్టబడింది. పేజీ పది సెకన్లు తీసుకోవడానికి అది రెండో కారణం.

హ్యూజ్ పేజీల సంఖ్య మార్చాలంటే రూట్ కావాలి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ప్రీలోడ్ ఫైల్ "లేదు" అన్న మాట నమ్మకండి. అందులో రాసిన లైబ్రరీ, డైనమిక్‌గా లింక్ అయిన (బయటి లైబ్రరీలు వాడుకునే) ప్రతి ప్రోగ్రామ్‌లోకీ ముందుగా దూరుతుంది. ఫోల్డర్ చదివే రీడ్‌డిర్ ఫంక్షన్‌ని తన చేతిలోకి తీసుకుని, తన ప్రాసెస్ నంబరు వచ్చినప్పుడు దాటేస్తుంది. టాప్, హెచ్‌టాప్, పీఎస్ అన్నీ /ప్రాక్ ఫోల్డర్ చదివే జాబితా కడతాయి, కాబట్టి అన్నిటికీ ఒకేలా కళ్లు కప్పుతుంది. తన ఫైల్‌ని కూడా అలాగే దాస్తుంది. స్టాటిక్‌గా (అన్నీ తనలోనే పెట్టుకుని) కట్టిన ప్రోగ్రామ్‌లోకి మాత్రం దూరలేదు. శుభ్రమైన ఇంకో ఉబుంటు నుంచి బిజీబాక్స్-స్టాటిక్ (చాలా కమాండ్లు ఒకే ప్రోగ్రామ్‌లో ఉన్నది) ఫైల్ ఎస్‌సీపీతో తెచ్చి, దాంతో టాప్, ఎల్‌ఎస్, క్యాట్ నడపండి.


పొందూరు_నూలు | మధ్యాహ్నం 12:02

బిజీబాక్స్ తెచ్చేలోపు ఇంకో చిన్న దారి. సిస్టమ్‌డీ-సీజీటాప్ పెట్టండి. అది ప్రాసెస్‌లను లెక్కపెట్టదు. సర్వీస్ వారీగా కెర్నెల్ వేసుకున్న సీపీయూ లెక్క చదువుతుంది. ప్రాసెస్‌ని దాచినవాడు ఈ లెక్కను మార్చడం మర్చిపోతాడు. ఏ సర్వీస్ కింద ఖర్చు కనపడితే దాని ఫోల్డర్‌లో సీగ్రూప్.ప్రాక్స్ ఫైల్ ఉంటుంది, అందులో నంబర్లు వరుసగా ఉంటాయి. ఉబుంటు 22.04లో ఆ ఫోల్డర్లు /సిస్/ఎఫ్‌ఎస్/సీగ్రూప్/సిస్టమ్.స్లైస్ కింద.


పలాస_పప్పు | మధ్యాహ్నం 12:15

నూలు గారూ! క్రాన్.సర్వీస్ (టైమ్ ప్రకారం పనులు లేపేది) 191 శాతం. ఎఫ్‌పీఎం 2. క్రాన్ ఇంత తినడమేంటి? ప్రాక్స్ ఫైల్‌లో మూడు నంబర్లున్నాయి. ఒకటి క్రాన్‌ది. మిగతా రెండూ టాప్‌లో లేవు. 21847, 21850.


పొందూరు_నూలు | మధ్యాహ్నం 12:21

ఒకే దెబ్బకు రెండు విషయాలు తెలిశాయి. ఎవరు తింటున్నారన్నది ఒకటి, ఎవరు లేపుతున్నారన్నది రెండోది. ప్రాసెస్ తాను పుట్టిన సర్వీస్ సీగ్రూప్‌లోనే (కెర్నెల్ లెక్క రాసుకునే గుంపు) ఉండిపోతుంది. వెబ్ దారిన నేరుగా లేచి ఉంటే ఎఫ్‌పీఎం కింద కనపడేది. క్రాన్ కింద ఉందంటే ఎక్కడో ఒక క్రాన్ వరుస దాన్ని లేపుతోంది.

ఇప్పుడే చంపకండి.


రాజాం_రూట్ | మధ్యాహ్నం 12:24

చంపీకుండా ఎందుకేటి? కిల్ మైనస్ 9 కొట్టీసి క్రాన్ వరుస తీసీస్తే అయిపోద్ది కదా.


నాగావళి_గట్టు | మధ్యాహ్నం 12:40

రెండు నంబర్లున్నాయి చూశావా, ఒకటి పనివాడు, ఇంకోటి కాపలాదారు అయ్యుంటుంది. పనివాడు పోయాడని తెలిస్తే కాపలాదారు ఇంకో పేరుతో, ఇంకో ఫోల్డర్ నుంచి లేపుతాడు. అందుకే కిల్ కాదు, స్టాప్ సిగ్నల్. ముందు కాపలాదారుకి, తర్వాత పనివాడికి: కిల్ మైనస్ స్టాప్, నంబరు. సీపీయూ వెంటనే దిగుతుంది, ప్రాసెస్ మాత్రం టేబుల్‌లోనే ఉంటుంది, క్రాన్ స్క్రిప్ట్ వచ్చి చూసినా "ఉన్నాడులే" అనుకుంటుంది.

ఆపిన తర్వాత తీరిగ్గా:

/ప్రాక్/21847 కింద ఎగ్జె లింక్ (అసలు ప్రోగ్రామ్ ఫైల్‌ని చూపేది) ఎటు చూపిస్తోందో చూడండి. చివర డిలీటెడ్ అని ఉన్నా ఫర్వాలేదు, ప్రాసెస్ బతికున్నంతసేపూ సీపీతో ఆ ఎగ్జె నుంచి అసలు ఫైల్‌ని బయటికి తీసుకోవచ్చు. సీఎండీలైన్, ఎన్విరాన్, మ్యాప్స్, సీడబ్ల్యూడీ లింక్ కూడా కాపీ చేయండి. కాపీలన్నీ మీ కంప్యూటర్‌కి ఎక్కించండి, ఆ సర్వర్‌లో ఉంచకండి.

ఎస్‌ఎస్ మైనస్ టీఎన్‌పీ, నెట్‌వర్క్ కనెక్షన్ల జాబితా. నెట్‌స్టాట్ వద్దు, అది /ప్రాక్/నెట్ ఫైళ్లు చదువుతుంది, వాటిని వడగట్టే లైబ్రరీలు ఉన్నాయి. ఎస్‌ఎస్ కెర్నెల్‌ని నేరుగా నెట్‌లింక్ ద్వారా అడుగుతుంది. కనెక్షన్ ఉండి, ప్రాసెస్ పేరు కాలమ్ ఖాళీగా ఉంటే అదే దొంగది. బయటికి 3333, 5555, 14444 లాంటి పోర్టులు పూల్ (తవ్వకందార్ల ఉమ్మడి సర్వర్) గుర్తులు, కానీ 443 మీద నడిపేవాళ్లూ ఉన్నారు.

తర్వాత క్రాన్. /ఈటీసీ/క్రాన్.డి, /ఈటీసీ/క్రాన్‌టాబ్, /వార్/స్పూల్/క్రాన్/క్రాన్‌టాబ్స్, మూడూ బిజీబాక్స్‌తోనే చూడండి. ఏ ఫైల్ మీద అనుమానమొస్తే డీపీకేజీ (ఉబుంటు ప్యాకేజీల పద్దు) మైనస్ పెద్ద ఎస్, ఫైల్ దారి. ఏ ప్యాకేజీదో చెప్పలేకపోతే అది పరాయిది. తేదీ కోసం స్టాట్ ఇచ్చి చేంజ్ వరుస చూడాలి. మోడిఫై తేదీని టచ్‌తో పాతదిగా మార్చడం పిల్లాట.


పలాస_పప్పు | మధ్యాహ్నం 2:05

స్టాప్ ఇవ్వగానే సీపీయూ 4కి దిగింది. వివరాలు:

ఎగ్జె: /డెవ్/షమ్ కింద చుక్కతో మొదలయ్యే ఫోల్డర్, డిలీటెడ్. యజమాని రూట్. పేరు మాత్రం కేస్వాప్‌డీ0 అని పెట్టుకుంది.
క్రాన్.డి లో సిస్‌స్టాట్ పక్కనే సిస్‌స్టాట్‌డీ అని ఇంకో ఫైల్. ప్రతి ఐదు నిమిషాలకు ఒక స్క్రిప్ట్. చేంజ్ తేదీ శనివారం రాత్రి 11:52. డీపీకేజీకి తెలియదు.
బిజీబాక్స్ క్యాట్‌తో ప్రీలోడ్ ఫైల్ కనపడింది, /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ కింద ఒక లైబ్రరీ పేరు ఉంది.
బయటికి ఒకే కనెక్షన్, పోర్టు 443.


కోట_జంక్షన్ | మధ్యాహ్నం 2:18

అసలు కేస్వాప్‌డీ0 కెర్నెల్ థ్రెడ్. దానికి ఎగ్జె లింక్ ఏ ఫైల్‌నీ చూపించదు, తల్లి ప్రాసెస్ నంబరు 2 ఉంటుంది, పీఎస్‌లో చదరపు బ్రాకెట్లలో వస్తుంది. ఈ మూడింటిలో ఏది తేడా పడినా అది వేషమే. కేడెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ చివర ఒక ఐ తగిలించుకుని తిరిగేది కూడా ఈ జాతే, కిన్సింగ్ అనే మాల్‌వేర్‌తో వస్తుంది.

ఇక ఎలా దూరారో. శనివారం రాత్రి 11:52కి ముందు గంట యాక్సెస్ లాగ్ తీయండి. లాగ్ టైమ్ యూటీసీలో (అంతర్జాతీయ సమయం) ఉంటే ఐదున్నర గంటలు తీసేయాలి, అంటే 17:22 నుంచి 18:22. పోస్ట్ రిక్వెస్ట్‌లలో (సర్వర్‌కి డేటా పంపేవి) 200, అంటే సరే అన్న జవాబు, వచ్చినవి మాత్రమే. వెండర్ ఫోల్డర్ (బయటి ప్యాకేజీలు ఉండేది), అప్‌లోడ్స్ ఫోల్డర్ లోపలి పీహెచ్‌పీ ఫైల్ ఏదన్నా కనపడితే అక్కడ ఆగండి.


పలాస_పప్పు | మధ్యాహ్నం 3:10

దొరికింది. 18:14కి పోస్ట్, వెండర్ లోపల పీహెచ్‌పీయూనిట్, ఎవాల్-ఎస్‌టీడీఇన్.పీహెచ్‌పీ, 200. అంతకు ముందు వారం కూడా వేరే ఐపీల నుంచి రెండుసార్లు.


నాగావళి_గట్టు | మధ్యాహ్నం 3:26

పాత కాపే. భద్రతా లోపాల జాబితాలో దాని నంబరు సీవీఈ-2017-9841. ఆ ఫైల్‌కి పోస్ట్‌లో ఏ పీహెచ్‌పీ కోడ్ పంపినా నడిపేస్తుంది. పీహెచ్‌పీయూనిట్ 4.8.28, 5.6.3 వెర్షన్లలో సరిచేశారు. అసలు పరీక్షల కోసం వాడే ప్యాకేజీ లైవ్ సర్వర్‌లో ఉండకూడదు, వెండర్ ఫోల్డర్ వెబ్‌కి అందే చోట అసలే ఉండకూడదు. పీహెచ్‌పీ ప్యాకేజీలు దింపే కంపోజర్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నో-డెవ్ ఇస్తే అది దిగదు.

కానీ ఆ దారిలో వచ్చేది వెబ్ పని నడిపే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్ మాత్రమే. ప్రీలోడ్ ఫైల్ రాయడానికి, హ్యూజ్ పేజీలు మార్చడానికి, క్రాన్.డిలో ఫైల్ పెట్టడానికి రూట్ కావాలి. మధ్యలో ఇంకో మెట్టు ఉంది. ఎవరికి రూట్ అధికారం ఉందో రాసే /ఈటీసీ/సుడోయర్స్, సుడోయర్స్.డి చూడండి. రూట్‌గా కమాండ్లు నడిపే పీకేఎగ్జెక్ ఉన్న పోల్‌కిట్ ప్యాకేజీ అప్‌డేట్‌లో ఉందా? కెర్నెల్ ఎప్పటిది?


పలాస_పప్పు | మధ్యాహ్నం 3:41

ప్యాకేజీలన్నీ అప్‌డేట్‌లోనే ఉన్నాయి. సుడోయర్స్.డిలో బ్యాకప్ అనే ఫైల్ ఉంది: డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాకి పాస్‌వర్డ్ లేకుండా అన్ని కమాండ్లూ. సైట్ కట్టినప్పుడు, అడ్మిన్ పేజీలో బ్యాకప్ బటన్ పనిచేయడానికి పెట్టారు.


కోట_జంక్షన్ | మధ్యాహ్నం 3:44

హతవిధీ.


రాజాం_రూట్ | సాయంత్రం 4:02

సరే గురూ, దారి తెలిసింది. ఆ ఫైళ్లు నాలుగూ తీసీసి, సుడో వరుస కొట్టీసి, వెండర్ మూసీస్తే ఈ సర్వరే వాడుకోవచ్చు కదా?


నాగావళి_గట్టు | సాయంత్రం 4:20

వాడుకోకూడదు. రూట్ చేతికి చిక్కాక మనకు దొరికినవి నాలుగు, దొరకనివి ఎన్నో మనకు తెలియదు. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌నే మార్చి ఉండొచ్చు, ఆథరైజ్డ్_కీస్‌లో ఒక కీ, ఒక సిస్టమ్‌డీ టైమర్, లాగిన్‌లు సరిచూసే ప్యామ్‌లో ఒక మాడ్యూల్. డీపీకేజీ మైనస్ మైనస్ వెరిఫై మారిన ఫైళ్లు చూపిస్తుంది కానీ, ఆ పోలిక పట్టిక కూడా అదే డిస్క్ మీద ఉంది, రూట్ దాన్నీ దిద్దగలడు. కొత్త వీపీఎస్ తీసుకోవడమే.

పలాస గారూ, వరుస ఇది. పాత సర్వర్‌కి స్నాప్‌షాట్ తీసి ప్యానెల్ నుంచే నెట్‌వర్క్ ఆపండి. కొత్తదానికి తీసుకెళ్లేవి రెండే: డేటాబేస్ డంప్, బొమ్మలు. బొమ్మల ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైల్ ఒక్కటి ఉన్నా మోయకండి. డంప్‌లో అడ్మిన్ యూజర్ల పట్టిక చూడండి, కొత్త పేరు ఉంటే తీసేయండి. కోడ్ గిట్ నుంచే, సర్వర్ కాపీ వద్దు. డేటాబేస్ పాస్‌వర్డ్, పేమెంట్ గేట్‌వే కీలు, ఎస్‌ఎంఎస్ కీ, మెయిల్ పాస్‌వర్డ్, ఎస్‌ఎస్‌హెచ్ కీలు అన్నీ కొత్తవి. కాన్ఫిగ్ ఫైల్‌లో ఉన్న ప్రతి రహస్యమూ బయటపడినట్టే లెక్క.


పొందూరు_నూలు | సాయంత్రం 4:35

చట్టం సంగతి కూడా. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటు గమనించిన 6 గంటల్లోపు వాళ్లకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. కంపెనీ పేరు మీద నడిచే సైట్ అయితే మీకూ వర్తిస్తుంది. మీరు గమనించింది మధ్యాహ్నం 12:15 అనుకుంటే సాయంత్రం 6:15 లోపు మెయిల్ వెళ్లాలి. వివరాలన్నీ కుదిరేదాకా ఆగకండి, తెలిసినంత పంపండి.

కొత్త సర్వర్‌లో: ఎన్‌జిన్‌ఎక్స్ రూట్‌ని పబ్లిక్ ఫోల్డర్‌కే పరిమితం చేసి, అప్‌లోడ్స్ కింద పీహెచ్‌పీ నడవకుండా చేయండి. /డెవ్/షమ్‌ని నోఎగ్జెక్‌తో (అందులోంచి ప్రోగ్రామ్‌లు నేరుగా నడవకుండా) మౌంట్ చేయొచ్చు. అయితే "ఎస్‌హెచ్ ఫైల్‌పేరు" అని నడిపే స్క్రిప్ట్‌ని అది ఆపదు, నేరుగా నడిపేవాటిని మాత్రమే ఆపుతుంది. నాకు ఎక్కువ నమ్మకం ఫైర్‌వాల్ మీద. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్ బయటికి చేసే కనెక్షన్లను ఐపీటేబుల్స్ ఓనర్ నిబంధనతో పేమెంట్ గేట్‌వే, మెయిల్, డీఎన్‌ఎస్‌కి పరిమితం చేస్తే, చొరబడినవాడు తన సామాను దింపుకోలేడు.

బ్యాకప్ బటన్ పీకేయండి. బ్యాకప్‌కి వెబ్ యూజర్‌తో పనేంటి?


కోట_జంక్షన్ | సాయంత్రం 4:50

సీపీయూకి పరిమితి కూడా పెట్టండి. సిస్టమ్‌సీటీఎల్ సెట్-ప్రాపర్టీతో ఎఫ్‌పీఎం సర్వీస్‌కి సీపీయూకోటా 150 శాతం, క్రాన్‌కి 100. అప్పుడు ఏది చెలరేగినా ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ కావడానికి చోటు మిగులుతుంది. సార్ కమాండ్ ఉండే సిస్‌స్టాట్ ఇన్‌స్టాల్ చేశాక /ఈటీసీ/డిఫాల్ట్/సిస్‌స్టాట్‌లో ఎనేబుల్డ్ అన్నది ఫాల్స్ ఉంటుంది, ట్రూ చేయాలి. చాలామంది ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తారు, అవసరం పడ్డ రోజు సార్ ఇస్తే ఖాళీ.


పలాస_పప్పు | శుక్రవారం, ఉదయం 8:15

కొత్త సర్వర్ బుధవారం నుంచి నడుస్తోంది. సెర్ట్-ఇన్‌కి ఆ సాయంత్రమే పంపాం. సీపీయూ పగలు 8 నుంచి 15, ధరల పేజీ అర సెకను. ఒక్కటే అనుమానం: సార్ లెక్కలో రోజూ తెల్లవారి 5:30కి 60 శాతం, ఆరేడు నిమిషాలు. సీజీటాప్‌లో మళ్లీ క్రాన్.సర్వీస్ పేరే. గుండె ఆగినంత పనైంది.


పొందూరు_నూలు | ఉదయం 8:27

సర్వర్ గడియారం యూటీసీలోనే ఉందా? మన 5:30 అంటే దానికి అర్ధరాత్రి సున్నా గంటలు. క్రాన్‌లో ఎట్-డైలీ అని రాసినవి అప్పుడే లేస్తాయి. మీ బ్యాకప్ స్క్రిప్ట్ ఏ టైమ్‌కి పెట్టారు? ప్రాక్స్ ఫైల్‌లో నంబర్లు, పీఎస్‌లో పేర్లు రెండూ కలుస్తున్నాయా?


పలాస_పప్పు | ఉదయం 8:40

ఎట్-డైలీ అనే రాశాను. పొద్దున 5:30కి చూసినప్పుడు నంబర్లు కలిశాయి: మైఎస్‌క్యూఎల్‌డంప్ (డేటాబేస్ కాపీ తీసేది), జీజిప్ (దాన్ని కుదించేది).


పొందూరు_నూలు | ఉదయం 8:52

అయితే అది మీ బ్యాకప్పే. టైమ్‌డేట్‌సీటీఎల్‌తో ఏషియా/కోల్‌కతా పెట్టి, క్రాన్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేయండి. చేయకపోతే క్రాన్ పాత టైమ్‌జోన్‌లోనే నడుస్తుంది. బ్యాకప్ రాత్రి 2:30కి జరపండి. డంప్‌కి సింగిల్-ట్రాన్సాక్షన్ ఇవ్వండి, ఇన్నోడీబీ పట్టికలకు తాళం పడదు. జీజిప్ బదులు జెడ్‌స్టాండర్డ్ పెట్టి ముందు నైస్ 19 (అతి తక్కువ ప్రాధాన్యం) తగిలిస్తే గ్రాఫ్‌లో ఆ రంగు కూడా మారుతుంది, యూజర్ నుంచి నైస్‌లోకి పోతుంది. రేపటి నుంచి ఆ గంటలో నైస్ కాకుండా యూజర్ పెరిగితే మళ్లీ ఇక్కడ రాయండి.